ఆన్‌లైన్ ఇంటర్వ్యూకు ముందురోజే హెడ్‌సెట్ మైకు చూసుకోండి

ప్రాంగణ నియామకాల కాలంలో ఇంటర్వ్యూలు చాలావరకు ఆన్‌లైన్‌లోనే జరుగుతున్నాయి. నెలల తరబడి చదివి సిద్ధమైన విద్యార్థులు కూడా హెడ్‌సెట్‌ను మాత్రం ఇంటర్వ్యూకు పది నిమిషాల ముందు తగిలిస్తారు. తీరా చూస్తే అవతలివాళ్ల మాట వినిపిస్తుంది, మన మాట వాళ్లకు చేరదు. ఆ కంగారులో కనబడిన సెట్టింగునల్లా మార్చేస్తే బాగున్నవి కూడా చెడతాయి. అందుకే ఈ పని ముందురోజు సాయంత్రానికే ముగించండి. అది కూడా ఇంటర్వ్యూలో వాడబోయే కంప్యూటర్, హెడ్‌సెట్, బ్రౌజర్‌తోనే చేయండి. స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో పలికిన మైకు మీ ల్యాప్‌టాప్‌లో పలకాలని లేదు.

మైకు పలకకపోగానే అది పాడైందని తేల్చేసి కొత్తది కొనకండి. ముందుగా పిన్నును పరిశీలించండి. హెడ్‌సెట్‌కు 3.5 మిల్లీమీటర్ల పిన్ను ఒక్కటే ఉండి, దాని మీద నల్ల గీతలు రెండే ఉంటే అది పాటలు వినడానికి మాత్రమే పనికొస్తుంది, ఆ పిన్నులో మైకుకు చోటే లేదు. మూడు గీతలుంటే మైకు కూడా ఉన్నట్టు. చిక్కు ఎక్కువగా డెస్క్‌టాప్‌లతోనే వస్తుంది. వాటిలో చాలావాటికి వినడానికి ఆకుపచ్చ సాకెట్, మైకుకు గులాబీ రంగు సాకెట్ విడివిడిగా ఉంటాయి. ఫోను ఇయర్‌ఫోన్ల ఒంటి పిన్నును ఆకుపచ్చ దాంట్లో పెడితే వినబడుతుంది కానీ మన మాట వెళ్లదు. దీనికి ఒంటి పిన్నును రెండు పిన్నులుగా విడదీసే స్ప్లిట్టర్ అనే చిన్న తీగ కావాలి. దుకాణంలో ఉత్త స్ప్లిట్టర్ అని అడిగితే ఇద్దరు కలిసి పాటలు వినేది చేతిలో పెట్టవచ్చు. ఒక కొసన మైకు బొమ్మ, రెండో కొసన హెడ్‌ఫోన్ బొమ్మ ఉన్నదే అడిగి తీసుకోండి. పాత ఫోన్లతో వచ్చిన కొన్ని ఇయర్‌ఫోన్లలో పిన్ను మీద మైకు, గ్రౌండ్ (ఉమ్మడి తీగ) స్థానాలు తారుమారుగా ఉంటాయి. వాటిని ఇంటర్వ్యూకు నమ్ముకోవద్దు. యూఎస్‌బీ హెడ్‌సెట్‌కు ఈ పిన్నుల గొడవే లేదు. కొనక తప్పదనుకుంటే నేను దాన్నే సూచిస్తాను.

వైరు మీది మ్యూట్ మీటను, ల్యాప్‌టాప్ కీబోర్డు మీద మైకు బొమ్మ ఉన్న మీటను కూడా చూడండి. కొన్ని హెడ్‌సెట్లలో మైకు కాడను పైకి లేపితే చాలు, మాట ఆగిపోతుంది.

ఇక విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో మైక్రోఫోన్ పేజీకి వెళ్లండి. అక్కడ పైనున్న అనుమతులతో పాటు, డెస్క్‌టాప్ యాప్‌లకు మైకు వాడే వీలు కల్పించే మీట కూడా ఆన్‌లో ఉండాలి. క్రోమ్ లాంటి బ్రౌజర్లు దాని కిందికే వస్తాయి. చాలామంది పైవి చూసి ఊరుకుంటారు. తరువాత సౌండ్ పేజీలో ఇన్‌పుట్ కింద మీ హెడ్‌సెట్‌ను ఎంచుకుని మాట్లాడండి. అక్కడ ధ్వని స్థాయిని చూపే గీత కదిలినంత మాత్రాన సంతోషించకండి, ల్యాప్‌టాప్ సొంత మైకు మీ గొంతును అందుకుంటున్నా అది కదులుతుంది. హెడ్‌సెట్ మైకు మీద గోటితో మెల్లగా తట్టండి. గీత ఒక్కసారిగా ఎగిసిందంటే సరైనదే ఎంపికైంది.

మ్యాక్‌లో కూడా ఇలాంటి అనుమతే ఉంటుంది. అనుమతి ఇచ్చాక యాప్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవండి.

బ్లూటూత్ హెడ్‌సెట్ సంగతి వేరు. పాటలు వినేటప్పుడు ధ్వని ఒకవైపే ప్రయాణిస్తుంది కాబట్టి నాణ్యత బాగుంటుంది. మైకు తెరవగానే చాలా హెడ్‌సెట్లు రెండువైపులా మాట మోసే హ్యాండ్స్‌ఫ్రీ పద్ధతిలోకి మారి, ధ్వని పలచబడుతుంది. అది లోపం కాదు. జేబులోని ఫోను ఆ హెడ్‌సెట్‌ను తనవైపు లాక్కునే ప్రమాదం కూడా ఉంది కనుక ఫోనులో బ్లూటూత్ ఆపేయండి. వీలుంటే మాత్రం ఆరోజుకు వైరున్న హెడ్‌సెట్టే పెట్టుకోండి.

బ్రౌజర్‌లో మీటింగ్ తెరిచాక చిరునామా పట్టీకి ఎడమవైపున్న గుర్తును నొక్కి మైక్రోఫోన్‌కు అనుమతి ఇవ్వండి, పేజీని మళ్లీ లోడ్ చేయండి. మీటింగ్ యాప్‌కు దాని సొంత ఆడియో సెట్టింగ్ ఉంటుంది. అక్కడ కూడా హెడ్‌సెట్ పేరే కనబడాలి. మైకు వాడే మిగతా యాప్‌లన్నీ మూసేయండి.

ఇవన్నీ అయ్యాక సౌండ్ రికార్డర్‌లో అర నిమిషం మాట్లాడి తప్పక వినండి. ఫ్యాను గాలి, ఊపిరి సోకిన చప్పుడు, గొంతు మరీ సన్నగా ఉండటం అప్పుడే బయటపడతాయి. మైకును నోటికి సూటిగా కాక పెదవుల మూలకు రెండు వేళ్ల దూరంలో ఉంచితే ఊపిరి చప్పుడు తగ్గుతుంది. ఆ తరువాత ఇంట్లోవారినో స్నేహితుడినో అదే యాప్‌లో కాల్‌కు పిలిచి, ఎలా వినబడుతోందో చెప్పమనండి.

పరీక్ష సరిగా జరిగాక ఇక దేన్నీ ముట్టుకోకండి. డ్రైవర్లను, అంటే మైకు లాంటి పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్‌ను, కొత్తవి చేసే పని ఆ రాత్రి వద్దు. విండోస్ అప్‌డేట్ పేజీలో అప్‌డేట్‌లను ఒక వారం ఆపి ఉంచే వీలుంది, వాడుకోండి. అప్‌డేట్ తరువాతే మైకు ఆగిపోయి ఉంటే డివైస్ మేనేజర్‌లో పాత డ్రైవర్‌కు వెళ్లే అవకాశం ఉందేమో చూడండి.

మీటింగ్ లింకును ఫోనులోకి కూడా పంపుకుని, ఫోనును పూర్తిగా చార్జ్ చేసి పక్కన పెట్టుకోండి. ఇంటర్వ్యూ మధ్యలో మైకు ఆగితే ఒకసారి బయటికి వచ్చి మళ్లీ చేరండి. అప్పటికీ కుదరకపోతే మైకు సమస్య వచ్చిందని, ఫోను నుంచి చేరుతున్నానని చాట్‌లో రాయండి. ఫోనులో చేరేముందు కంప్యూటర్‌లో మీటింగ్‌ను మూసేయండి, లేకపోతే మీ మాటే ప్రతిధ్వనిగా తిరిగి వస్తుంది.