స్కౌట్ పిల్లలకు యూనిఫాం, క్యాంపు సామాను సిద్ధం చేయడం ఎలా?

పిల్లలు స్కౌట్స్‌లోనో గైడ్స్‌లోనో చేరారంటే ఇంట్లో కొనుగోళ్ల హడావిడి మొదలవుతుంది. కొట్లో కనిపించిన ప్రతి వస్తువూ అవసరమే అనిపిస్తుంది. ఇందులో సగం టెన్షన్ అక్కర్లేనిది. ఏది కొనబోయినా ఒక్క ప్రశ్న వేసుకోండి: దీన్ని మా పిల్లలు ఎవరి సాయం లేకుండా తీసి, వాడి, మళ్లీ సర్దుకోగలరా? క్యాంపులో పక్కన మీరుండరు. కంపెనీ పేరు, ఖరీదు అన్నీ దీని తర్వాతే.

1. ముందు అడగండి, తర్వాతే కొనండి

యూనిఫాం రంగు, బ్యాడ్జీలు కుట్టాల్సిన చోటు దేశాన్ని బట్టి, సంస్థను బట్టి, పిల్లల వయసు విభాగాన్ని బట్టి మారతాయి. స్కార్ఫ్ రంగయితే చాలాచోట్ల ఒక్కో ట్రూప్‌కీ, అంటే ఒక్కో స్కౌట్ దళానికీ, వేరు. స్కౌట్ మాస్టర్‌నే అడిగి జాబితా రాసుకోండి. క్యాంపు సామానులో ట్రూప్ తెచ్చేవేవో, ఇంటినుంచి తెచ్చుకోవాల్సినవేవో కూడా అప్పుడే తేల్చుకోండి. గుడారాలు, వంటపాత్రలు, తాళ్లు మామూలుగా ట్రూప్ దగ్గరే ఉంటాయి. ఇది తెలియక గుడారం కొనేసేవాళ్లు చాలామందే ఉన్నారు.

2. యూనిఫాం

ఎదిగే వయసు కాబట్టి చొక్కా కాస్త వదులుగా తీసుకోండి. అలాగని మోచేతులు దాటి వేలాడేంత వద్దు. చేతులు పైకెత్తినా టక్ ఊడకపోతే కొలత సరిపోయినట్టే. ప్యాంటు కింద లోపలికి ఎక్కువ మడత పెట్టి కుట్టిస్తే వచ్చే ఏడాది విప్పుకోవచ్చు. పెద్ద పిల్లలకు పొట్టయిపోయిన యూనిఫాం దొరికితే మొహమాటపడకుండా తీసుకోండి. 1907లో స్కౌటింగ్‌కు ఆద్యుడైన బేడెన్ పావెల్ ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో మొట్టమొదటి క్యాంపు పెట్టినప్పుడు పిల్లలకు ఇప్పటిలాంటి యూనిఫాం చొక్కాలే లేవు. ఏ జట్టువాళ్లన్నది భుజాన కట్టిన రంగు పీలికను చూసి గుర్తుపట్టేవారు.

బ్యాడ్జీల దగ్గరే అసలు పని. చొక్కాను బల్లమీద పరిచి కుట్టేస్తే, వేసుకున్నాక బ్యాడ్జీ చంకలోకో వీపువైపో జరిగిపోతుంది. ముందు చొక్కా తొడిగించండి, చోటు చూసి పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. చొక్కా విప్పాక బ్యాడ్జీని పిన్నీసులతోనో, నీళ్లలో కరిగిపోయే గమ్ స్టిక్‌తోనో నిలిపి అప్పుడు కుట్టండి. బ్యాడ్జీ అంచు రంగు దారమే వాడితే కుట్టు వంకర పోయినా పైకి తెలియదు. జేబుమీద బ్యాడ్జీ ఉంటే సూది జేబు పైగుడ్డకే తగలాలి, లేకపోతే జేబు మూసుకుపోతుంది. ఇస్త్రీ పెట్టి అంటించే బ్యాడ్జీలు ఉతుకుతుంటే అంచులు లేచిపోతాయి, అంటించినా చుట్టూ ఒక వరస కుట్టేయడమే మంచిది. పదేళ్లు దాటినవాళ్లయితే కనీసం ఒక బ్యాడ్జీ వాళ్లచేతే కుట్టించండి.

కొత్త స్కార్ఫ్‌ను మొదటిసారి విడిగా ఉతకండి, రంగు దిగొచ్చు. మెడచుట్టూ వేసుకునేటప్పుడు దాన్ని పొడవాటి అంచునుంచి గట్టిగా చుట్టుకుంటూ వచ్చి, వెనక చిన్న ముక్కోణం మిగిల్చి, ముందు వాగిల్‌లోంచి (స్కార్ఫ్ కొసల్ని పట్టి ఉంచే చిన్న రింగు) రెండు కొసలూ దూర్చాలి. ఇది అద్దం లేకుండా వేసుకోవడం వచ్చేదాకా ఇంట్లో నేర్పండి. త్రికోణం గుడ్డ కాబట్టి అవసరమైతే చేతికి దెబ్బ తగిలినప్పుడు మెడనుంచి చేతిని వేలాడదీసే ఊతకట్టుగా పనికొస్తుంది, ఊరికే అలంకారం కాదు.

3. పడుకునే సరంజామా

డబ్బు పెట్టదలిస్తే ఇక్కడే పెట్టండి. రాత్రి చలికి నిద్రపోని పిల్లలకు తెల్లారాక క్యాంపు నరకమే. చాలామంది స్లీపింగ్ బ్యాగ్ ఒక్కటే మంచిది కొని కింద వేసుకునే మ్యాట్‌ను మర్చిపోతారు. పడుకున్న బరువుకి బ్యాగ్‌లోని దూది అడుగున నలిగిపోతుంది, ఇక నేల చలి నేరుగా ఒంటికి పాకుతుంది. దాన్ని ఆపేది మ్యాటే. చిన్నపిల్లలకు గాలి నింపేదానికన్నా మామూలు ఫోమ్ మ్యాట్ మేలు: చిల్లు పడదు, పరిస్తే చాలు, చుడితే అయిపోతుంది.

బ్యాగ్‌మీద ఉష్ణోగ్రత అంకెలు రెండు మూడు రాసి ఉంటాయి. ఎక్స్‌ట్రీమ్ అని రాసిన అంకె ప్రాణాపాయం హద్దును చెప్పేది, హాయిగా నిద్రపట్టేదాన్ని కాదు. మీరు చూడాల్సింది కంఫర్ట్ అని రాసినది. ఆ పరీక్షలు కూడా పెద్దవాళ్ల ఒంటి లెక్కన చేసినవే, కాబట్టి పిల్లలకు కొంచెం ఎక్కువ వెచ్చనిదే ఎంచుకోండి. ఎదుగుతారు కదా అని పెద్దవాళ్ల బ్యాగ్ కొంటే కాళ్ల దగ్గర ఖాళీ అంతా వాళ్ల ఒంటివేడితోనే వేడెక్కాలి. తప్పకపోతే ఆ ఖాళీలో స్వెట్టర్లు కూరండి.

4. బట్టలు, చిన్న వస్తువులు

నూలు బట్ట తడిస్తే తొందరగా ఆరదు, చలి పుట్టిస్తుంది. నడిచేటప్పుడు సింథటిక్ బనియన్, చలికి ఉన్నిదో ఫ్లీస్‌దో, పైన వాన చొక్కా ఉండాలి. పడుకునేందుకు ఒక పొడి జత వేరే కవర్లో కట్టి పెట్టండి, దాన్ని పగలు ముట్టుకోకూడదని చెప్పండి. సాక్సులు మాత్రం లెక్కకన్నా రెండు జతలు ఎక్కువే. బూట్లు కొత్తవైతే వారం రెండు వారాల ముందునుంచే తొడిగి తిప్పండి, లేకపోతే మొదటిరోజే బొబ్బలు.

చేతులు ఖాళీగా ఉంటాయి కాబట్టి తలకు కట్టుకునే టార్చి మంచిది. అదనపు బ్యాటరీలూ పెట్టండి. పళ్లెం, గ్లాసు, చెంచా, నీళ్ల సీసా, టోపీ, టవలు, సబ్బు సరే. కత్తి సంగతి స్కౌట్ మాస్టర్ అనుమతిస్తేనే. రోజూ వేసుకునే మందులుంటే సంచిలో పడేయకుండా ఎప్పుడెంత వెయ్యాలో కాగితం రాసి పెద్దవాళ్ల చేతికివ్వండి. చెంచా, సాక్సులతో సహా అన్నిటిమీదా పేరు రాయండి. ఒకేరకం స్కార్ఫులు ముప్పై ఒకచోట చేరితే ఎవరిది ఎవరిదో దేవుడికే తెలియాలి.

5. సంచి సర్దడం

సంచి మీరు సర్దకండి. ఏది ఎక్కడుందో సర్దినవాళ్లకే తెలుస్తుంది. వస్తువులన్నీ మంచంమీద పరిచి, జాబితా చదువుతూ వాళ్లచేతే లోపల పెట్టించండి. అన్నిటికన్నా ముందు సంచి లోపల ఒక పెద్ద ప్లాస్టిక్ కవరు పరవండి, వానలో అదే కాపాడుతుంది. అడుగున స్లీపింగ్ బ్యాగ్, బరువైనవి మధ్యలో వీపుకు ఆనేటట్టు, వాన చొక్కా, టార్చి అన్నిటికన్నా పైన.

నిండిన సంచిని తూచండి. పిల్లల బరువులో ఐదో వంతు దాటకూడదు. అంటే 30 కిలోల పిల్లలకు 6 కిలోలు, అంతకన్నా తక్కువైతే ఇంకా మంచిది. నడుం పట్టీ తుంటి ఎముకలమీద కూర్చునేలా బిగించి, సంచితో ఇంటిచుట్టూ కాసేపు నడిపించండి. భుజాలు నొక్కుకుంటున్నాయంటే ఏదో ఒకటి తీసేయాల్సిందే. చివరగా, వెళ్లే ముందు ఒకరోజు లైటు ఆర్పేసి టార్చి వెలుగులోనే స్లీపింగ్ బ్యాగ్ తీసి, పరిచి, తిరిగి దాని గలీబులో (బ్యాగ్‌తో వచ్చే చిన్న సంచి) కుక్కమనండి. చిన్నచేతులకు గలీబు మరీ బిగుతైతే కొంచెం పెద్దది మార్చండి.

6. తిరిగి వచ్చాక

సంచిని మూలన పడేస్తే రెండు రోజుల్లో ముక్కవాసన. అదేరోజు అంతా బయటికి తీయించండి. బ్యాటరీలు టార్చిలోంచి తీసేయండి. స్లీపింగ్ బ్యాగ్‌ను గాలికి ఆరేసి, పూర్తిగా ఆరాక వదులైన పెద్ద గుడ్డసంచిలో దాచండి. నెలలతరబడి గలీబులో కుక్కి ఉంచితే దూది అణగారిపోయి మళ్లీ వెచ్చదనం ఇవ్వదు.