ప్రోగ్రామూ ప్యాకెట్టూ: డిగ్రీలో రెండు పేపర్లనూ కలిపి చదివే పద్ధతి

డిగ్రీ పాఠ్యప్రణాళికలో సాఫ్ట్‌వేర్ డెవలప్‌మెంట్ ఒక పేపరు, కంప్యూటర్ నెట్‌వర్క్స్ ఇంకో పేపరు. రెంటికీ వేర్వేరు అధ్యాపకులు, వేర్వేరు ల్యాబులు ఉండడంతో విద్యార్థులు కూడా ఒకదానికి కోడ్ రాయడం, రెండోదానికి నిర్వచనాలు బట్టీ పట్టడం అలవాటు చేసుకుంటారు. తర్వాత ఏదో ఒక రోజు తాము రాసిన ప్రోగ్రామ్ రెండు కంప్యూటర్ల మధ్య పనిచేయనప్పుడు, తప్పు కోడ్‌లో ఉందో నెట్‌వర్క్‌లో ఉందో తేల్చుకోలేక దిక్కుతోచక కూర్చుంటారు. ఈ రెండింటినీ మొదటి నుంచీ కలిపి చదవడానికి అనువైన పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటి సంవత్సరంలో ఒకే ప్రోగ్రామింగ్ భాషను పట్టుకుని ఉండడం మంచిది. పైథాన్ అయినా, జావా అయినా, సి అయినా ఫరవాలేదు. అయితే ఎప్పుడో ఒకప్పుడు ఒక సెమిస్టర్ పాటు సి భాషలో రాయడం తప్పనిసరి అని నా అభిప్రాయం, ఎందుకంటే మెమరీలో బైట్లు ఏ వరుసలో ఉంటాయో ఆ భాష దాచిపెట్టదు. నెట్‌వర్క్‌లో సంఖ్యల బైట్లను పెద్ద విలువ గలది ముందు వచ్చేలా పంపడం ఆనవాయితీ. మనం వాడే కంప్యూటర్లలో ఎక్కువ భాగం చిన్న విలువ గల బైట్‌ను ముందు ఉంచుతాయి. ఈ మార్పిడిని మరిచిపోతే పోర్టు (కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రామ్‌ను గుర్తించే సంఖ్య) 80 అని రాసిన సర్వర్ 20480 పోర్టుపై తెరుచుకుంటుంది. ఒక్కసారి ఈ తప్పు చేసి, కారణం తామే కనిపెట్టినవారికి బైట్ల వరుస గురించి మళ్లీ చెప్పనక్కరలేదు.

డేటా స్ట్రక్చర్స్ పేపరు మొదలైనప్పుడు నెట్‌వర్క్ పుస్తకాన్ని కూడా పక్కన తెరిచి ఉంచుకోవాలి. లైనక్స్‌లోని సాఫ్ట్‌వేర్ బ్రిడ్జ్ (నెట్‌వర్క్ భాగాలను కలిపే ప్రోగ్రామ్) ఏ మ్యాక్ అడ్రసు (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) ఏ వైపు ఉందో హ్యాష్ టేబుల్‌లో దాచుకుంటుంది. అదే లైనక్స్ ఐపీ మార్గాలను వెతకడానికి ట్రై అనే చెట్టును వాడుతుంది. డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన అతి తక్కువ దూరపు అల్గారిథమే ఓఎస్‌పీఎఫ్ అనే రూటింగ్ పద్ధతికి, అంటే డేటా ముక్కలైన ప్యాకెట్లకు దారి ఎంచే పద్ధతికి, ఆధారం. రూటింగ్‌కే వాడే రిప్ ప్రోటోకాల్ బెల్‌మన్-ఫోర్డ్ అనే మరో అతి తక్కువ దూరపు పద్ధతిని అనుసరిస్తుంది, 15 హాప్‌లు (రూటర్ నుంచి రూటర్‌కు గెంతులు) దాటిన గమ్యాన్ని అందనిదిగా లెక్కిస్తుంది. కాబట్టి గ్రాఫ్‌ల అధ్యాయంలో ఊళ్ల మధ్య దూరాల లెక్క చేసేటప్పుడే ఆ ఊళ్ల స్థానంలో రూటర్లను పెట్టి, ఒక లింకు తెగిపోతే పట్టికలు ఎలా మారతాయో చూపించే చిన్న ప్రోగ్రామ్ రాసుకుంటే రెండు పేపర్ల పని ఒకేసారి అవుతుంది.

సబ్‌నెట్ లెక్కలను, అంటే ఒక ఐపీ అడ్రసు ఏ చిన్న నెట్‌వర్క్‌కు చెందుతుందో తేల్చే లెక్కలను, మాత్రం ముందుగా చేత్తో చేయాలి. ఉదాహరణకు 192.168.10.77/26 అనే అడ్రసును తీసుకోండి; /26 అంటే మొదటి 26 బిట్లు నెట్‌వర్క్‌వి అని, ఆ బిట్లను చూపేదే మాస్క్. చివరి భాగం 77 బైనరీలో 01001101, మాస్క్ చివరి భాగం 192 అంటే 11000000. రెంటికీ ఆండ్ చేస్తే 01000000, అంటే 64 వస్తుంది. నెట్‌వర్క్ అడ్రసు 64తో, బ్రాడ్‌కాస్ట్ అడ్రసు (ఆ నెట్‌వర్క్‌లో అందరికీ ఒకేసారి పంపడానికి వాడేది) 127తో ముగుస్తాయి. యంత్రాలకు ఇవ్వదగినవి 65 నుంచి 126 వరకు 62 మిగులుతాయి. ఇలాంటివి పదిహేను ఇరవై లెక్కలు తడుముకోకుండా చేయగలిగాక, అదే పనిని బిట్ ఆపరేటర్లతో చేసే ప్రోగ్రామ్ రాయండి. వెబ్‌సైట్లలో దొరికే కాలిక్యులేటర్లు అవసరమయ్యేది ఆ తర్వాతే.

నెట్‌వర్క్ పనిని పొరలుగా విడదీసి చూపే ఓఎస్ఐ నమూనాలోని ఏడు పొరల పేర్లను వరుసగా అప్పజెప్పడానికి అధ్యాపకులు ఇచ్చేంత ప్రాధాన్యం దానికి అవసరం లేదు. పరీక్ష కోసం నేర్చుకోవలసిందే, కానీ పొర అంటే ఏమిటో తెలిసేది ప్యాకెట్లను పట్టి చూపే వైర్‌షార్క్ అనే సాధనాన్ని తెరిచినప్పుడు. మీ సొంత కంప్యూటర్‌లో క్యాప్చర్ మొదలుపెట్టి ఒక వెబ్ పేజీని తెరవండి: ముందు డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేరుకు ఐపీ అడ్రసు చెప్పే వ్యవస్థ) ప్రశ్న, జవాబు, ఆ తర్వాత కనెక్షన్‌ను కలిపే సిన్, సిన్-ఆక్, ఆక్ అనే మూడు ప్యాకెట్లు, అటుపైన అసలు సమాచారం కనిపిస్తాయి. బైట్ల వరుసను తెలిపే సీక్వెన్స్ సంఖ్య సున్నాతో మొదలైనట్టు కనిపించి చాలామంది తికమకపడతారు. నిజానికి అది యాదృచ్ఛికంగా ఎంచుకున్న పెద్ద సంఖ్య, చదవడానికి వీలుగా వైర్‌షార్క్ దానిని సున్నా నుంచి లెక్కించి చూపుతుంది. ఇతరుల నెట్‌వర్క్‌లో అనుమతి లేకుండా ఇలా పట్టి చూడడం తగదు, చాలాచోట్ల చట్టవిరుద్ధం కూడా.

రెండు పేపర్లూ నిజంగా కలిసే చోటు సాకెట్ ప్రోగ్రామింగ్, అంటే నెట్‌వర్క్ ద్వారా డేటాను పంపి, అందుకునే కోడ్ రాయడం. ఒక పూర్తి సెమిస్టర్ దీనికి కేటాయించినా వృథా కాదు. ముందు పంపిన మాటను తిరిగి పంపే చిన్న సర్వర్, తర్వాత ఇద్దరు మాట్లాడుకునే చాట్, ఆ తర్వాత ఫైల్ బదిలీ అనే వరుసలో రాయండి. నేను రాసిన మొదటి ఫైల్ బదిలీ ప్రోగ్రామ్ నా కంప్యూటర్‌లో చక్కగా నడిచి, రెండో కంప్యూటర్‌కు పంపేసరికి సగం ఫైల్‌తో ఆగిపోయింది. ఒకసారి పంపింది ఒకేసారి అందుతుందని నేను అనుకోవడమే పొరపాటు. డేటాను నమ్మకంగా, వరుసగా చేర్చే టీసీపీ అనే ప్రోటోకాల్‌కు సందేశాల హద్దులు తెలియవు. అది బైట్ల ప్రవాహం మాత్రమే. ఈథర్‌నెట్ ఫ్రేమ్ సాధారణంగా 1500 బైట్లను మోస్తుంది, అందులో ఐపీ శీర్షికకు 20, టీసీపీ శీర్షికకు కనీసం 20 పోగా 1460 మిగులుతాయి. లైనక్స్ లూప్‌బ్యాక్‌లో (కంప్యూటర్ తనకు తానే పంపుకునే దారిలో) మాత్రం 1500కు బదులు ఆ పరిమితి 65536 బైట్లు కావడంతో చిన్న సందేశాలు ముక్కలు కాకుండా వచ్చి, కోడ్‌లోని లోపం బయటపడదు. ప్రతి సందేశానికి ముందు దాని పొడవును నాలుగు బైట్లలో పంపి, అన్ని బైట్లూ అందేవరకు లూపులో చదవడం దీనికి పరిష్కారం.

సర్వర్‌ను ఆపి వెంటనే మళ్లీ నడిపితే అడ్రసు ఇప్పటికే వాడుకలో ఉందన్న హెచ్చరిక రావచ్చు. కనెక్షన్‌ను ముందుగా మూసిన పక్షం కొంతసేపు టైమ్-వెయిట్ స్థితిలో ఉంటుంది, లైనక్స్‌లో ఆ వ్యవధి 60 సెకన్లు. అడ్రసును తిరిగి వాడుకునే సాకెట్ ఐచ్ఛికాన్ని పెడితే ఇబ్బంది తీరుతుంది. పక్క కంప్యూటర్ నుంచి కనెక్షన్ అందకపోతే సర్వర్‌ను 127.0.0.1కు, అంటే లూప్‌బ్యాక్‌కు, కట్టేశారేమో ముందుగా చూడండి. ఫైర్‌వాల్‌ను అనుమానించాల్సింది ఆ తర్వాతే.

ఇంత అయ్యాక ప్రోగ్రామ్‌ను కావాలని ఇబ్బంది పెట్టాలి. లైనక్స్‌లోని నెటెమ్ అనే సాధనంతో ఆలస్యాన్ని, ప్యాకెట్ల నష్టాన్ని సృష్టించవచ్చు. లూప్‌బ్యాక్‌పై 100 మిల్లీసెకన్ల ఆలస్యం పెడితే పింగ్ (రానూపోనూ పట్టే సమయాన్ని కొలిచే ఆదేశం) 200 చూపిస్తుంది, ఎందుకంటే ప్రశ్నా జవాబూ రెండూ అదే దారిలో వెళ్తాయి. కాంతి ఫైబర్‌లో సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు మాత్రమే వెళ్తుంది కాబట్టి 10,000 కిలోమీటర్ల దూరానికి రానూపోనూ కనీసం 100 మిల్లీసెకన్లు పడుతుంది. ఎంత ఖరీదైన సర్వర్ కొన్నా ఇది తగ్గదు. ఒక పేజీ కోసం పదిసార్లు వరుసగా సర్వర్‌ను అడిగే కోడ్ ఎందుకు నెమ్మదిస్తుందో అప్పుడు లెక్కతో చెప్పగలుగుతారు.

కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్‌ను మొదటి ల్యాబ్ నుంచే వాడండి, పనిచేసిన ప్రతి చిన్న మెట్టునూ విడిగా భద్రపరచండి.

మూల పత్రాలను చదవడానికి జంకనక్కరలేదు. ఇంటర్నెట్ ప్రమాణ పత్రాలను ఆర్ఎఫ్‌సీలు అంటారు. 1980 నాటి ఆర్ఎఫ్‌సీ 768, అంటే యూడీపీ (అందిందో లేదో చూడకుండా పంపే ప్రోటోకాల్) నిర్వచనం, మూడు పేజీలే; దానితో మొదలుపెట్టండి. టీసీపీకి 1981 నాటి ఆర్ఎఫ్‌సీ 793 స్థానంలో 2022లో ఆర్ఎఫ్‌సీ 9293 వచ్చింది, దానిని అవసరమైన భాగం వరకు చదివితే సరిపోతుంది. 1986 అక్టోబరులో అమెరికాలోని బర్కిలీ వద్ద రెండు సంస్థల మధ్య వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయిన ఉదంతాన్ని, దానిపై వాన్ జేకబ్‌సన్ 1988లో రాసిన పత్రాన్ని చదివితే రద్దీ నియంత్రణ అధ్యాయంలోని గ్రాఫులు ఎందుకు అలా ఉన్నాయో తెలుస్తుంది.

చివరి సంవత్సరం ప్రాజెక్టుకు పెద్ద పేరున్న అంశం కంటే, కొలవగలిగే చిన్న అంశాన్ని ఎంచుకోండి. మీరే రాసిన డీఎన్ఎస్ రిజాల్వర్ గానీ, యూడీపీపై నష్టాన్ని తట్టుకునే ఫైల్ బదిలీ గానీ చాలు. నివేదికలో తెరల బొమ్మలకు బదులు ఒక శాతం, రెండు శాతం, ఐదు శాతం ప్యాకెట్ నష్టం ఉన్నప్పుడు ప్రోగ్రామ్‌కు పట్టిన సమయాల పట్టికను, ఒక్కొక్క దానికి తీసిన క్యాప్చర్ ఫైల్‌ను జతచేయండి. వైవాలో అడిగే ప్రశ్నలు చాలావరకు ఆ పట్టిక మీదే ఉంటాయి, వాటికి జవాబులు మీరు కొలిచినవే కాబట్టి తడుముకోవలసిన పని ఉండదు.