పికప్ వెనక భాగం దించుతుంటే పినియన్ కోణం మర్చిపోకండి

అమెరికాలో పాత షెవర్లే సీ1500 లాంటి పికప్‌లను ఫ్లిప్ కిట్‌తో దించడం మామూలే. కమాన్ పట్టీల కింద ఉండే యాక్సిల్‌ను వాటి పైకి మారుస్తారు, వెనక భాగం ఐదారు అంగుళాలు దిగుతుంది. యాక్సిల్ తగలకుండా ఫ్రేమ్‌కు సీ-నాచ్ (సీ ఆకారపు కోత) కూడా వేయాలి.

చాలామంది వదిలేసేది పినియన్ కోణం. పినియన్ అంటే వెనక యాక్సిల్‌లోకి వెళ్లే చిన్న గేరు షాఫ్ట్; గేర్‌బాక్స్ నుంచి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ దాన్ని తిప్పుతుంది. పక్క నుంచి చూస్తే గేర్‌బాక్స్ షాఫ్ట్, పినియన్ సమాంతరంగా ఉండాలి. అప్పుడే ప్రొపెల్లర్ షాఫ్ట్ ముందు చివరి క్రాస్ (వంపులోనూ తిరగనిచ్చే కీలు) తెచ్చే వేగపు హెచ్చుతగ్గులను వెనక క్రాస్ సరిచేస్తుంది. లేదంటే హైవే మీద సీటు కింద వణుకు మొదలై, చివరికి క్రాస్ బేరింగులు పోతాయి.

కొలత బండి బరువు టైర్ల మీద ఉన్నప్పుడే తీయండి. యాక్సిల్ గాల్లో వేలాడుతుంటే వచ్చే అంకె దేనికీ పనికిరాదు. యాక్సిలరేటర్ తొక్కగానే కమాన్ పట్టీలు మెలిపడి పినియన్ ముక్కు పైకి లేస్తుంది. అందుకే సమాంతరం కన్నా ఒకటి రెండు డిగ్రీలు కిందికి ఉంచి, తేడాను వెడ్జ్‌తో (యాక్సిల్‌కూ కమాన్ పట్టీకీ మధ్య పెట్టే ఏటవాలు ముక్కతో) సరిచేయండి. స్టీలువే మేలు, మెత్తటి అల్యూమినియంవి నేనైతే వాడను. ఒక్కో క్రాస్ దగ్గర కోణం 3 డిగ్రీలు దాటనివ్వకండి. అలాగని సున్నా కూడా వద్దు, క్రాస్ బేరింగుల లోపలి రోలర్లు కదలక ఒకేచోట గాడి పడుతుంది.

యాక్సిల్‌ను కమాన్ పట్టీలకు బిగించే యు-బోల్టులు కొత్తవే వేయండి, కొంత దూరం తిరిగాక మళ్లీ బిగించండి.