మీ టైమ్ ఎక్కడికి పోతోంది? వారంపాటు రాసి చూసుకోవడం ఎలా?

వారానికి 168 గంటలు. రోజుకు ఎనిమిది గంటల నిద్ర అనుకుంటే 56 పోయాయి. ఉద్యోగానికీ రాకపోకలకూ 60 తీసేయండి. స్నానానికీ తిండికీ కలిపి రోజుకు రెండు గంటలు ఇచ్చినా ఇంకా 38 గంటలు మిగలాలి. ‘క్షణం తీరిక లేదండీ’ అనేవాళ్లను ఆ 38 గంటలూ ఏమయ్యాయని అడిగితే చాలామంది తడుముకుంటారు. ఆలోచించి చెబుదామన్నా కుదరదు, ఎందుకంటే గుర్తుండేవి పెద్ద పనులే. అందుకే రాసుకోవాలి.

ముందు పేజీ గీసుకోండి

పిల్లలు సగం వాడి వదిలేసిన నోట్‌బుక్ చాలు. రోజుకో పేజీ, అరగంటకో గడి, మొత్తం 48 గడులు. అర్ధరాత్రి నుంచి కాకుండా తెల్లవారుజామున 4 గంటల నుంచి మర్నాడు 4 దాకా గీయండి. జాతీయ గణాంక కార్యాలయం 2019లో, మళ్లీ 2024లో దేశమంతా చేసిన టైమ్ యూజ్ సర్వేలో పద్ధతి ఇదే. ఆరేళ్లు, ఆపైన వయసున్నవాళ్లు రోజంతా ఏం చేశారో సర్వేవాళ్లు అడిగి అరగంటల లెక్కన రాసుకున్నారు. ఇలా గీస్తే రాత్రి ఒంటిగంట దాకా సీరీస్ చూసిన టైమ్ ఆ రోజు ఖాతాలోనే పడుతుంది.

చేసింది చేసినట్టు రాయండి

‘పని’, ‘ఇంటిపని’, ‘ఆఫీసు’ అని రాస్తే ఏమీ తెలియదు. ఒకే ఇంట్లో ఉదయం ఆరు గంటల గడి ఆమె పేజీలో ఇలా ఉండొచ్చు: ‘పాలు కాచాను, మోటార్ వేశాను, ఇడ్లీ పెట్టాను, పెద్దదానికి జడ వేశాను.’ ఆయన పేజీలో అదే గడిలో ఒక్కటే మాట: ‘పేపర్.’ రెండూ అరగంటలే.

రాత్రి కూర్చుని రోజంతా ఒకేసారి రాయకండి. భోజనానికి ముందు ఒకసారి, సాయంత్రం టీ తాగేటప్పుడు ఒకసారి, పడుకునే ముందు ఒకసారి రాస్తే సరిపోతుంది. ఒకటి రెండు గడులు ఖాళీగా ఉండిపోయినా టెన్షన్ పడకండి, పరీక్షేం కాదు.

ఫోన్ లెక్క ఫోన్‌నే అడగండి

ఎంత నిజాయితీగా రాసినా ఫోన్ టైమ్ తక్కువగానే పడుతుంది, ఎందుకంటే అది గడుల మధ్యలో దూరుతుంది. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ‘డిజిటల్ వెల్‌బీయింగ్’ చూడండి, ఐఫోన్‌లో అయితే ‘స్క్రీన్ టైమ్’. మొత్తం గంటలు చూసి గుండె బాదుకోనక్కర్లేదు. అందులో మ్యాప్స్ ఉంటాయి, కరెంటు బిల్లు కట్టడం ఉంటుంది, ఆఫీసు మెసేజ్‌లు ఉంటాయి. రోజుకు ఎన్నిసార్లు ఫోన్ తెరిచారు అన్న లెక్క చూడండి, అది ఎక్కువ నిజం చెబుతుంది.

వారం చివర టిక్కులు పెట్టండి

చాలామంది ఇక్కడ ‘ఉపయోగం’, ‘వృథా’ అని రెండు రంగులు వేస్తారు. నాకు నచ్చని పద్ధతి. అరుగు మీద కూర్చుని పక్కింటివాళ్లతో పిచ్చాపాటీ మాట్లాడిన అరగంటను వృథా కింద వేసేస్తే, ఇక దేనికోసం బతుకుతున్నట్టు? గడిగడికీ ఒకే ప్రశ్న వేసుకోండి: వచ్చే వారం కూడా ఈ అరగంట ఇలాగే గడిస్తే నాకు సమ్మతమేనా? అవునంటే టిక్కు పెట్టండి. మధ్యాహ్నం కునుక్కు టిక్కు పడొచ్చు, వద్దనలేక వెళ్లిన ఫంక్షన్‌కు పడకపోవచ్చు. ఊళ్లో అమ్మానాన్నలతో మాట్లాడిన ఫోన్లు కూడా చూడండి. ట్రాఫిక్‌లో బండి నడుపుతూ ‘తిన్నారా, మందులేసుకున్నారా’ అని రెండు నిమిషాల్లో ముగించినవైతే, వాటికి ఈ వారంలో ఒక్క గడి కూడా దక్కలేదన్నమాట.

ఇంట్లో అందరి పేజీలూ పక్కపక్కన పెట్టండి

ఈ మెట్టు దాటేస్తే మిగతాదంతా దండగ. ఒకరి తీరిక చాలాసార్లు ఇంకొకరి పని మీద నిలబడి ఉంటుంది. 2024 సర్వే ప్రకారం సొంతింటి పనులు చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు వాటికి ఖర్చుపెట్టారు. 2019లో అవి 299, 97. అయిదేళ్లలో ఆడవాళ్లకు పది నిమిషాలు తగ్గాయి. వాటిని మగవాళ్లు అందుకున్నారా అంటే అదీ లేదు, వాళ్లకూ తొమ్మిది తగ్గాయి.

మీ ఇంటి పేజీలూ ఇలాగే ఉంటే ‘రేపటి నుంచి సాయం చేస్తాలే’ అనకండి. సాయం అంటే ఎవరో ఒకరు పురమాయించాలి. ఒక పని మొత్తంగా తీసుకోండి. లంచ్ బాక్సులు మీవంటే రేపు ఏం కూర అని ఆలోచించడం, రాత్రే కూరగాయలు తరగడం, పొద్దున సర్దడం, సాయంత్రం డబ్బాలు కడగడం, అన్నీ మీవే.

ఒక్క అరగంటే మార్చండి

రేపటి నుంచి నాలుగింటికే లేస్తాను, యోగా చేస్తాను, గిటార్ నేర్చుకుంటాను అని పెట్టుకుంటే మూడో రోజుకే మూలపడుతుంది. టిక్కు పడని గడుల్లో రోజూ ఒకే వేళకు వచ్చేదాన్ని ఒకటి పట్టుకుని, ఆ అరగంటలో ఏం చేస్తారో ఆ గడిలోనే రాసి పెట్టండి. మిగతావాటి జోలికి ఇప్పుడే పోకండి.

రెండు మూడు నెలలయ్యాక ఇంకో వారం రాయండి. సంక్రాంతి, పెళ్లిళ్లు, పిల్లల పరీక్షలు లేని మామూలు వారమే ఎంచుకోండి, లేకపోతే రెండు లెక్కలకూ పోలిక కుదరదు.