రబ్బరు కప్పతో కొరమీను వేటకు వెళ్ళేముందు

తొలకరి పడిందంటే ఆంధ్రా సరిహద్దుకు దగ్గర్లోని ఒడిశా ఊళ్ళు పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ చుట్టుపక్కల చెరువు గట్ల మీదికి గాలం కర్రలు వచ్చేస్తాయి. ఇదివరకు ఎర గుచ్చి, వెదురు కర్ర పట్టుకుని ఒకచోట కూర్చునేవాళ్ళు. ఇప్పుడు కుర్రాళ్ళ చేతుల్లో దారం చుట్టే రీలు, కార్బన్ రాడ్డు, కప్ప ఆకారంలో ఉండే రబ్బరు ఎర, అదే రబ్బరు కప్ప. ఆస్ట్రేలియాలో బ్రీమ్ అనే చేపను పాపర్లనే వేలెడంత తేలే బొమ్మ ఎరలను నీటి మీద ఆడించి ఒడ్డు నుంచే పడతారు. మన దగ్గర ఆ సరదా తీర్చేది కొరమీను. గుర్రపుడెక్క మీదుగా రబ్బరు కప్పను ఆపి ఆపి లాక్కొస్తుంటే, అడుగు నుంచి వచ్చి ఆకులు ఎగిరిపడేలా ఒక్క దెబ్బ కొడుతుంది. ఆ దెబ్బ ఒకసారి చూసినవాడు మళ్ళీ గట్టెక్కకుండా ఉండలేడు. నాకూ ఈ వేటంటే ప్రాణం. అందుకే సీజన్ మొదలవకముందే ఈ నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ఈ వేటలో చూపంతా నీటి మీది కప్ప మీదే ఉంటుంది. బెండు కట్టి కూర్చుంటే మనిషి కదలడు, చుట్టూ చూసుకునే తీరిక ఉంటుంది. ఇందులో అలా కుదరదు. నాలుగు సార్లు విసరడం, పది అడుగులు నడవడం, మళ్ళీ విసరడం. కాలు ఎక్కడ పడుతోందో, నెత్తిన మబ్బు ఎంత దగ్గరికి వచ్చిందో, వెనక ఎవరు నిలబడ్డారో పట్టించుకోం. పైగా కొరమీను బాగా ఎగబడేది తెల్లవారుజామున, మునిమాపు వేళ, గాలి ఆడని ఉక్కపోతలో. పాములు తిరిగేదీ, మబ్బు కమ్ముకొచ్చేదీ కూడా ఆ వేళల్లోనే. పిడుగుపాటు, పాముకాటు, నీట మునిగిపోవడం, ఈ మూడింటినీ ఒడిశా ప్రభుత్వం 2015లో రాష్ట్ర స్థాయి విపత్తుల్లో చేర్చింది. చెరువు గట్టు మీద గాలం పట్టుకుని నిలబడినవాడికి ఈ మూడూ కూతవేటు దూరంలోనే ఉంటాయి.

మొహం మీదికి తిరిగొచ్చే గాలం

ముందు మన చేతిలో ఉన్నదాని గురించి మాట్లాడుకుందాం. రబ్బరు కప్పకు వీపు మీద రెండు ముళ్ళు పైకి తిరిగి ఉంటాయి. చేప నోట్లో కప్ప నలిగితేనే ఆ ముళ్ళు బయటపడతాయి. కొత్తవాళ్ళు చేసే పని ఏమిటంటే, నీళ్ళు చిమ్మడం కనబడగానే ఉలిక్కిపడి రాడ్డును ఒక్క గుంజు గుంజుతారు. అప్పటికి చేప నోరు ఇంకా మూసి ఉండదు. బ్రెయిడ్ అనే అల్లిక దారం సాగదు కాబట్టి ఆ గుంజిన బలమంతా కప్పకే వెళ్తుంది. అది నీటిలోంచి లేచి నేరుగా, దారం వెంబడే, మొహం మీదికి వస్తుంది. తప్పుకునే టైం ఉండదు. కన్ను పోవడానికి ఆ ఒక్క దెబ్బ చాలు.

అందుకని మూడు అలవాట్లు చేసుకోండి. మొదటిది, కళ్ళద్దాలు. పోలరైజ్డ్ అద్దాలైతే నీటి మెరుపు తగ్గి చేప కదలిక కూడా కనిపిస్తుంది. అవి లేకపోతే బండి మీద పెట్టుకునే మామూలు అద్దాలైనా సరే, చీకటి పడే వేళకు తెల్ల అద్దాలు. రెండోది, చేప కొట్టగానే రాడ్డు కొన దించి, మనసులో ఒకటి, రెండు అనుకుని, దారం బరువెక్కిందని చేతికి తెలిశాకే లాగండి. చేప కూడా ఇలాగే ఎక్కువ దక్కుతుంది. మూడోది, లాగేటప్పుడు మొహం వైపు కాకుండా పక్కకు లాగండి. తప్పిపోయినా కప్ప మన పక్కనుంచి పోతుంది. విసిరే ప్రతిసారీ వెనక్కి ఒకసారి చూడండి. చేపలు పడుతున్నారంటే పిల్లలు చుట్టూ మూగుతారు, వాళ్ళను విసిరే చేతివైపు ఎప్పుడూ నిలబడనివ్వకండి.

ముల్లు కొనకు కాస్త కింద వెనక్కి తిరిగిన చిన్న మొన ఉంటుంది, బార్బ్ అంటారు. ఇంట్లోనే పట్టకారుతో దాన్ని నొక్కి అణిచేయండి. చేపలు జారిపోతాయని చాలామంది ఒప్పుకోరు. దారం వదులు కానివ్వకపోతే జారవు. కొరమీను ఒళ్ళంతా జిగురు, చేతిలో మెలి తిరుగుతుంది. దాని నోట్లో ఉన్న ముల్లు మన బొటనవేల్లో దిగడం ఈ వేటలో ఎప్పుడూ జరిగేదే. బార్బ్ అణిచిన ముల్లయితే దిగిన దారిలోనే వెనక్కి వచ్చేస్తుంది. బార్బ్ ఉన్నది లోతుగా దిగితే అక్కడే పీకేయకుండా, దారం కోసేసి, ముల్లు అలాగే ఉంచి ఆస్పత్రికి వెళ్ళండి. కంటి దగ్గర గుచ్చుకుంటే అసలు ముట్టుకోవద్దు. ముల్లు కదలకుండా పైన కాగితం కప్పు లాంటిది పెట్టి కట్టి తీసుకెళ్ళాలి. టెటనస్ ఇంజెక్షన్ సంగతి డాక్టరును అడగడం మరవొద్దు. ఇక నోట్లోంచి ముల్లు తీసేటప్పుడు పొడవు ముక్కు పట్టకారు, తడి గుడ్డ ఉండాల్సిందే. దాని పళ్ళు చిన్నవే అయినా వేలు చీల్చగలవు.

కప్ప చిక్కుకుంటే నీళ్ళలో దిగొద్దు

ఇది అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నాను. గుర్రపుడెక్కలోనో, తామర తూళ్ళలోనో కప్ప చిక్కుకుంటుంది. మూడు నాలుగు వందలు పెట్టి కొన్నది, నడుం లోతే కదా అని దిగుతారు. ఎండాకాలంలో ఆ చెరువు పరిస్థితి ఏంటో గుర్తు తెచ్చుకోండి. పూడిక తీసే పేరుతో, ఇటుక బట్టీల కోసం, ఇళ్ళ స్థలాలు పూడ్చడానికి జేసీబీలతో మట్టి తవ్వుకుపోతారు. ఆ గోతులు నిట్టనిలువుగా, అంచు తెలియకుండా ఉంటాయి. రెండు వానలు పడి నీరు నిండాక పైనుంచి చూస్తే చెరువంతా ఒకటే మట్టం. మోకాటి లోతులో నడుస్తున్నవాడు తర్వాతి అడుగు మనిషిన్నర లోతులో వేస్తాడు. ఒడ్డుకు తిరుగుదామంటే గోతి అంచు మెత్తటి బంకమట్టి, పట్టు దొరకదు. కాళ్ళకు తామర తూళ్ళు చుట్టుకుంటే ఈత వచ్చినవాడికీ కష్టమే.

అందుకే మే నెలలో, చెరువు ఎండి ఉన్నప్పుడే ఒకసారి వెళ్ళి గట్టంతా తిరిగి చూడండి. గోతులు ఎక్కడున్నాయో ఫోన్‌లో ఫోటోలు తీసి పెట్టుకోండి. కొరమీను దాక్కునే మొద్దులు, రాళ్ళు ఎక్కడున్నాయో కూడా అప్పుడే తెలుస్తుంది. చిక్కుకున్న కప్పను విడిపించాలంటే దారాన్ని చేతికి చుట్టి లాగొద్దు, బ్రెయిడ్ వేలిని ఎముక దాకా కోస్తుంది. ఒక కర్రముక్కకు నాలుగు చుట్లు చుట్టి, మొహం పక్కకు తిప్పుకుని, మెల్లగా వెనక్కి నడవండి. వస్తే వస్తుంది, లేకపోతే తెగుతుంది. తెగితే పోనీండి. జతగా వెళ్ళేవాళ్ళు గట్టి తాడు ఒకటి, మూత బిగించిన ఖాళీ ఐదు లీటర్ల డబ్బా ఒకటి వెంట ఉంచుకోవాలి. ఎవరైనా పడిపోతే వెనకే దూకడం కన్నా తాడు కట్టిన డబ్బా విసరడం మేలు.

పిడుగు, కరెంటు

కార్బన్ రాడ్డు కరెంటును బాగా పట్టే వస్తువు. ఏడడుగుల అలాంటి కర్రను నిలువుగా పట్టుకుని, చుట్టూ చదునైన పొలాల మధ్య ఎత్తుగా ఉన్న గట్టు మీద, నీటి పక్కన నిలబడటం అంటే ఏమిటో ఆలోచించండి. ఏప్రిల్, మే నెలల్లో ఒడిశావాళ్ళు కాలబైశాఖి అనే గాలివానలు మధ్యాహ్నం దాటాక ఉన్నట్టుండి లేస్తాయి. జూన్‌లో తొలకరి మబ్బులూ అంతే. మెరుపు చూసిన దగ్గర్నుంచి ఉరుము వినిపించేదాకా లెక్కపెట్టండి. మూడు సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు. ముప్పై లోపు ఉరుము వినబడితే రాడ్డు కింద పడేసి బయల్దేరాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. సగం మంది ఈ ఆగే దగ్గరే తొందరపడతారు, వాన వెలిశాక చేప బాగా తింటుందని.

తాటిచెట్టు కిందికీ, గట్టు మీది చింతచెట్టు కిందికీ పోవద్దు. పక్కా ఇల్లు, లేదా అద్దాలు ఎత్తిన కారు, ఆ రెండే దిక్కు. ఏదీ లేకపోతే గట్టు దిగి, నీటికీ చెట్లకూ దూరంగా, పల్లపు చోట పాదాలు దగ్గరగా పెట్టి గొంతుకూర్చోండి, నేల మీద పడుకోవద్దు. నలుగురు ఉంటే విడివిడిగా ఉండండి. పిడుగు తగిలినవాళ్ళ ఒంట్లో కరెంటు మిగిలి ఉండదు, ముట్టుకోవచ్చు. ఊపిరి, గుండె ఆగితే వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. కేంద్ర ప్రభుత్వ వాతావరణ పరిశోధన సంస్థ, పుణె ఐఐటీఎం తయారు చేసిన దామిని యాప్ ఫోన్‌లో వేసుకోండి, దగ్గర్లో పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది.

గట్టు పక్కనే పోయే కరెంటు తీగలు వేలాడుతుంటాయి. విసిరేముందు తల ఎత్తి చూడటం తప్పనిసరి. వాటికన్నా నాకు ఎక్కువ భయం రైతుల మోటార్ల వైర్లు. వేసవిలో చెరువులో దించిన మోటారుకు గట్టు మీదుగా గడ్డిలో వైరు పరుస్తారు, అతుకుల దగ్గర టేపు ఊడిపోయి ఉంటుంది. తడి గడ్డిలో అది కనబడదు. మోటారు మోత వినిపిస్తున్న పక్కకు అసలు వెళ్ళకండి. అడవి పందుల కోసం పొలం చుట్టూ కరెంటు తీగ పెట్టేవాళ్ళూ ఉన్నారు కాబట్టి తెల్లవారకముందు పొలం గట్ల మీదుగా అడ్డదారిన పోవద్దు, దూరమైనా రోడ్డు మీదే వెళ్ళండి.

పాములు

గట్టులో ఎలుక కన్నాలుంటే వాటి కోసం పాములుంటాయి. రక్తపింజరి గడ్డిలో కదలకుండా పడుంటుంది, కాలు పడేదాకా తెలియదు. గట్టు కోసుకుపోకుండా పేర్చిన రివిట్‌మెంట్ రాళ్ళ సందుల్లో చెయ్యి పెట్టొద్దు, చూడకుండా కూర్చోవద్దు. పిక్కల దాకా వచ్చే బూట్లు, మందమైన ప్యాంటు, చీకటి వేళ టార్చి, నడిచే ముందు కర్రతో గడ్డి తట్టడం, ఇవి చాలు. నీటిలో కనిపించే నీరుకట్టె కరిచినా విషం ఉండదు, దాన్ని చంపొద్దు. రబ్బరు కప్ప వెంట పాము వచ్చి గాలానికి చిక్కితే, విడిపించే ప్రయత్నం చేయకుండా దారం కోసేయండి.

కాటు పడితే గుడ్డ బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, ఏదీ చేయొద్దు. ఉంగరాలు, వాచీ తీసేసి, కరిచిన కాలు కదలకుండా కర్ర ఆసరాగా వదులుగా కట్టి, నడిపించకుండా, బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి పెద్ద ప్రభుత్వాస్పత్రికి తీసుకెళ్ళండి. కట్లపాము కాటుకు చాలాసార్లు నొప్పే ఉండదు. రాత్రి చీమ కుట్టినట్టనిపించి, కాసేపటికి కడుపునొప్పి వచ్చినా, కనురెప్పలు వాలుతున్నా ఆలస్యం చేయొద్దు. మంత్రం వేయించాక వెళ్దాం అన్న గంటే ప్రాణం తీస్తుంది.

సరిహద్దులో ఇంకో ఇబ్బంది ఉంది. ఫోన్ ఏ రాష్ట్రపు టవర్ అందుకుంటే 108, 112 కాల్ ఆ రాష్ట్రానికి పోవచ్చు. మాట కలవగానే మొదట రాష్ట్రం, జిల్లా, ఆ తర్వాత ఊరు చెప్పండి.

వాగులూ నదుల దగ్గర చెరువు లెక్కలు పనికిరావు. మహేంద్రతనయ పుట్టేది మహేంద్రగిరి కొండల్లో. కొండ మీద కుండపోత కురుస్తుంటే కింద మన నెత్తిన ఎండ కాయొచ్చు. నీరు రంగు మారినా, పుల్లలూ ఆకులూ కొట్టుకొస్తున్నా సామాను వదిలేసి పైకెక్కండి. వంశధారలో గొట్టా బ్యారేజీ దిగువన గేట్లు ఎత్తే రోజుల్లో ఇసుక దిబ్బల మీద నిలబడొద్దు. ఈ జాగ్రత్త జులైతో అయిపోయేది కాదు. తిత్లీ తుపాను వచ్చింది 2018 అక్టోబరు 11న, వంశధార ఊళ్ళ మీదికి పొంగింది ఆ రోజుల్లోనే. తుపాను హెచ్చరిక ఉంటే గాలం ఇంట్లోనే పెట్టండి. అడవి అంచు చెరువులకు సాయంత్రం ఏనుగులు, జీడితోటల పక్కకు ఎలుగులు వస్తాయి. అలాంటి చోట మునిమాపు వేట మానుకోవడమే.

వెళ్ళేముందు ఊళ్ళో అడిగి వెళ్ళండి. ఒడిశాలో చాలా పంచాయతీ చెరువులను మహిళా సంఘాలకు చేపల పెంపకానికి లీజుకిస్తున్నారు. కొరమీనేగా, మీరు వేసిన బొచ్చెలూ రోహులూ కాదుగా అనుకోకుండా ఆ అక్కలతో ఒక మాట చెబితే వాళ్ళే గోతులెక్కడో, వైర్లెక్కడో చూపిస్తారు. ఒడియాలో కొరమీనును సెఉళ అంటారు, ఆ పేరుతో అడిగితే చాలు.

చివరిగా చేప గురించి. వానాకాలం దాని గుడ్ల కాలం. నీటి మీద ఎర్రటి నలుసుల్లాంటి పిల్లలు గుంపుగా గాలి పీల్చుకోవడానికి పైకి తేలి మునుగుతుంటే, కింద తల్లీ తండ్రీ కాపలా ఉన్నట్టే. ఆ గుంపు మీద కప్పను లాగితే అవి ఆకలితో కాదు, పిల్లల్ని కాపాడుకోవాలని కోపంతో కొడతాయి. వాటిని పడితే మట్టగిడసలూ జెల్లలూ వచ్చి ఆ పిల్లల్ని తినేస్తాయి. గుంపు కనబడితే ఆ మూల వదిలేసి అవతలి గట్టుకు వెళ్ళండి. పొరపాటున కాపలా చేప పడితే ఫోటోల కోసం ఆపకుండా, తడి చేత్తో ముల్లు తీసి, పట్టిన చోటే వదిలేయండి. పిల్లల ఎరుపు పోయి, రంగు ముదిరి, అవి చెదిరిపోయాక ఆ మూలకు మళ్ళీ రావచ్చు.