బల్ల మీద యుద్ధం కదలడం లేదా? ముందు కొలత టేపు తీయండి

ఇంటికి నలుగురు మిత్రులను పిలిచి, రంగులు వేసిన సైనికుల బొమ్మలతో ఒక పాత యుద్ధాన్ని బల్ల మీద ఆడించేవారి కోసం ఇది రాస్తున్నాను. బొమ్మలను బేస్‌ల (కింద ఉండే చిన్న పలకల) మీద అతికించడం, పాచికలు వేయడం, నిబంధనల పుస్తకం చదవడం మీకు తెలుసు కాబట్టి వాటి జోలికి వెళ్లను. నా ఉదాహరణలన్నీ చందుర్తి యుద్ధం నుంచే ఉంటాయి. 1758 డిసెంబరులో పిఠాపురానికి దగ్గరలో కర్నల్ ఫోర్డ్ నడిపిన ఆంగ్ల సేన, కాన్‌ఫ్లాన్స్ నడిపిన ఫ్రెంచి సేనను ఓడించిన పోరు ఇది. ఫోర్డ్‌ను పిలిపించుకున్న విజయనగరం ఆనందరాజు బలగం కూడా అక్కడే ఉంది. రెండు మైళ్ల దూరం నుంచి చూసినా అర్థమయ్యే యుద్ధం, ఒక మధ్యాహ్నంలో ముగిసే ఆట. నేను ఎక్కువసార్లు ఆడించింది కూడా ఇదే.

ఆట సాగనప్పుడు అందరూ అనే మాట ఒకటే: "ఈ నిబంధనలు బాగాలేవు, వేరే పుస్తకం కొందాం." నేను చూసినంతలో తప్పు పుస్తకంలో ఉండటం చాలా అరుదు.

అన్నిటికన్నా ముందు

ముందు రోజు సాయంత్రం బల్ల పూర్తిగా సర్ది, రెండు పక్షాలనూ మీరే నడిపి ఒక్క రౌండు ఆడండి. పక్కన ఫోనులో గడియారం పెట్టుకోండి. ఇంత చిన్న పనిని దాదాపు ఎవరూ చేయరు. ఒంటరిగా ఆడితేనే ఇరవై నిమిషాలు పట్టిందంటే, నలుగురు మాట్లాడుకుంటూ ఆడేటప్పుడు నలభై పడుతుంది. ఎనిమిది రౌండ్ల ఆట ఎప్పటికి ముగుస్తుందో లెక్క వేసుకోండి. ఈ పరీక్ష చేయకుండా కింది భాగాలు చదివి ప్రయోజనం లేదు.

మూడు గంటలైనా మూడో రౌండు దాటలేదు

కారణాలు రెండే. ఒకటి, ఒక్కొక్కరి చేతిలో మోయలేనన్ని దళాలు. కొత్తవారికి మూడు, అలవాటున్నవారికి నాలుగైదు చాలు. రెండోది, సేనల మధ్య దూరం. పదాతిదళం రౌండుకు 6 అంగుళాలు నడిచి, తుపాకీ 12 అంగుళాలు పారే ఆటలో రెండు సేనలనూ 36 అంగుళాల దూరంలో నిలిపితే, మొదటి రెండు రౌండ్లూ నడకకే పోతాయి. 24 అంగుళాల దూరంలో మొదలుపెట్టండి. రెండో రౌండుకల్లా తుపాకులు మోగాలి.

నడక, కాల్పులు, ధైర్య పరీక్ష (దెబ్బతిన్న దళం నిలుస్తుందో పారిపోతుందో పాచికతో తేల్చేది), ఈ మూడు పట్టికలను ఒకే కాగితం మీద రాసి తలా ఒక ప్రతి ఇవ్వండి. ప్రతి సందేహానికీ మీరు పుస్తకం తిరగేస్తూ కూర్చుంటే ఆట నడిపేవారు ఉండరు.

ఒక మిత్రుడు ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు

అతనికి పని లేదు, అంతే. చందుర్తిలో ఆనందరాజు బలగం సంఖ్యలో పెద్దది, కానీ పోరులో పెద్దగా పాల్గొనలేదు. చరిత్రకు కట్టుబడి ఆ దళాలన్నీ ఒకే మిత్రుడికి అప్పగిస్తే, అతను ఆదివారం సెలవంతా చూస్తూ కూర్చోవాలి. రాజుగారి దళంతో పాటు అదే వ్యక్తికి ఒక సిపాయి పటాలాన్నో, రెండు ఫిరంగులనో ఇవ్వండి.

1757 జనవరి నాటి బొబ్బిలి కోట ముట్టడిని పెట్టమని చాలామంది అడుగుతారు. నేను పెట్టను. కోటలోని వారికి గెలిచే దారి లేదు, బయటివారికి ఓడే దారి లేదు. పైగా ఆ కోటలో స్త్రీలు, పిల్లలు ఎలా పోయారో తెలిసిన మనం దాన్ని పాచికలతో తేల్చడం నాకు మనస్కరించదు.

అందరూ వరుసగా నిలబడి కాల్చుకుంటున్నారు, ఎవరూ కదలరు

నన్ను బాగా దెబ్బతీసిన సమస్య ఇదే. చూడటానికి ఇది నిబంధనల లోపంలాగే ఉంటుంది. రెండు వరుసలు ఎదురెదురుగా చేరి, చివరి వరకూ పాచికలు వేసుకుంటూనే ఉంటాయి. ఏ మలుపూ రాదు. నేను మూడుసార్లు చందుర్తి ఆడించి మూడుసార్లూ ఇక్కడే చిక్కుకున్నాను. మొదటిసారి కాల్పుల పట్టిక మార్చాను. రెండోసారి ధైర్య పరీక్షను కఠినం చేశాను. మూడోసారి పుస్తకమే మార్చాను. ఫలితం మారలేదు.

మూడో ఆట ముగిశాక బొమ్మలు పెట్టెలో సర్దుతుంటే, ఫ్రెంచి వరుసలోని చివరి బేస్ ప్లైవుడ్ అంచు దాటి వేలెడు బయటికి ఉండటం కనబడింది. అప్పుడు టేపు తీశాను. నావి 28 మిల్లీమీటర్ల ఎత్తు బొమ్మలు, ఒక్కో బేస్ 5 సెంటీమీటర్ల వెడల్పు. పటాలానికి ఆరు బేస్‌లు, అంటే 30 సెంటీమీటర్లు. ఫ్రెంచివారికి ఆరు పటాలాలు, మొత్తం 180. ఆరడుగుల బల్ల వెడల్పు 183. మధ్యలో ఫిరంగులు కూడా పెట్టేసరికి బల్ల ఈ చివరి నుంచి ఆ చివరి వరకూ గోడ కట్టినట్టు నిండిపోయింది. పక్కకు తిరగడానికి పక్కే లేదు.

అసలు యుద్ధం తేలిందే పక్క మీద. ఫోర్డ్ వెంట బెంగాల్ నుంచి సుమారు 500 మంది ఐరోపా సైనికులు, 2,000 మంది సిపాయిలు వచ్చారు. కాన్‌ఫ్లాన్స్ దగ్గర ఐరోపావారు దాదాపు అంతమందే ఉన్నా, సిపాయిలు 6,000 వరకూ ఉన్నారు. ఏపుగా పెరిగిన చేను వెనక ఫోర్డ్ ఐరోపా పటాలం కనబడకుండా నిలబడింది. ఎర్ర కోట్లు తొడిగిన బెంగాల్ సిపాయిలను చూసి ఫ్రెంచివారు వాళ్లే ఐరోపా సైనికులని పొరబడి, తమ మేటి పటాలాన్ని వాళ్ల మీదికి నడిపారు. సిపాయిలు చెదిరారు. తరుముతూ ముందుకు వచ్చిన ఫ్రెంచి పటాలం పక్కను, చేను దాటి వచ్చిన ఫోర్డ్ పటాలం తుపాకులతో కొట్టింది. నా బల్ల మీద ఫ్రెంచి పటాలానికి పక్కకు జరిగే చోటు లేదు, ఆంగ్ల పటాలానికి చేను నుంచి బయటపడి తిరిగే చోటూ లేదు. ఏ నిబంధన మాత్రం ఏం చేస్తుంది?

ఇంకో సూక్ష్మం ఉంది. ఒక దారం తీసుకోండి. పటాలం ఎడమ చివరను వేలితో అదిమి పట్టి, కుడి చివరను మెల్లగా తొంభై డిగ్రీలు తిప్పండి. కుడి చివర నడిచిన వంపు వెంట దారం పరిచి కొలవండి. 12 అంగుళాల వరుసకు ఆ వంపు దాదాపు 19 అంగుళాలు వస్తుంది. రౌండుకు 6 అంగుళాల చొప్పున ఒక్కసారి తిరగడమే నాలుగో రౌండుకు గానీ పూర్తికాదు. ఎనిమిది రౌండ్ల ఆటలో సగం దానికే పోతుంది. 8 అంగుళాల వరుసకైతే పన్నెండున్నర. రెండు రౌండ్లలో దాదాపు అయిపోతుంది.

అన్నిటికన్నా మోసపోయేది భోజనాల బల్ల మీద ఆడేవారు. చోటు చాలదని పుస్తకంలోని అంగుళాలన్నీ సెంటీమీటర్లు చేస్తారు, బేస్‌లు మాత్రం అవే ఉంచుతారు. 30 సెంటీమీటర్ల వరుస 6 సెంటీమీటర్ల నడకతో తొంభై డిగ్రీలు తిరగాలంటే ఎనిమిది రౌండ్లు పడుతుంది. అంటే ఆట ముగిసేసరికి ఒక్క దళం ఒక్కసారి తిరుగుతుంది!

పరిష్కారం చెబుతాను. సేన మొత్తాన్ని ఒకే వరుసలో పేర్చి కొలవండి. బల్ల వెడల్పులో మూడింట రెండు వంతులు దాటితే తగ్గించాలి, సగమైతే ఇంకా మంచిది. నేను పటాలానికి ఆరు బేస్‌లు మాని నాలుగు చేశాను. ఆరు పటాలాలు 120 సెంటీమీటర్లకు దిగాయి, రెండడుగుల ఖాళీ దొరికింది. రాత్రుళ్లు కూర్చుని రంగులు వేసిన బొమ్మలను పక్కన పెట్టాలంటే ప్రాణం ఒప్పుకోదని నాకు తెలుసు. మిగిలిన రెండు బేస్‌లను రెండో వరుసగా వెనక నిలపండి. నిండుదనం పోదు, వెడల్పు పెరగదు.

ఆ తర్వాత టేపును పక్కన పెట్టి రెండు పుల్లలు కోసుకోండి. నడక పుల్ల పటాలం వెడల్పులో ముప్పాతిక, తుపాకీ పుల్ల ఒకటిన్నర రెట్లు. చిన్న బల్ల మీద 15 మిల్లీమీటర్ల బొమ్మలతో పటాలం 12 సెంటీమీటర్లుంటే, పుల్లలు 9, 18 సెంటీమీటర్లు. బొమ్మల పరిమాణం ఏదైనా, బల్ల ఎంతైనా ఈ లెక్క చెడదు. ఇలా మార్చిన తర్వాతి ఆటలో ఆంగ్ల పటాలం చేను నుంచి బయటపడి మూడో రౌండుకు ఫ్రెంచివారి పక్కను పట్టింది. పాత పుస్తకంతోనే ఆడాం.

చరిత్ర తెలిసిన మిత్రుడు వలలో పడడు

కాన్‌ఫ్లాన్స్ పాత్ర తీసుకున్నవారు ఎర్ర కోటు సిపాయిల జోలికి వెళ్లరు, చేను మీదే కన్నేస్తారు. అందుకే యుద్ధం పేరు ముందుగా చెప్పకండి. ఆంగ్ల పటాలాలన్నిటికీ ఎర్ర కోట్లే వేసి, ఏది ఐరోపా పటాలమో బేస్ అడుగున అతికించిన చీటీలో రాయండి. తుపాకీ పుల్ల దూరంలోకి వచ్చేదాకా చీటీ చూపకండి. చేలు మూడు చోట్ల పెట్టండి. దేని వెనక ఎవరున్నారో ఒక చిన్న పటం మీద గుర్తుపెట్టి మీ దగ్గరే ఉంచుకోండి.

ఎవరు గెలిచారో తేలలేదు

ఎవరి లెక్క ప్రకారం వారే గెలిచారంటే మీరు గెలుపేమిటో ముందుగా చెప్పలేదన్నమాట. చందుర్తిలో ఫోర్డ్‌కు ఫ్రెంచి శిబిరం, ఫిరంగులు దక్కాయి. ఎనిమిదో రౌండు చివర ఫిరంగుల్లో సగానికి పైగా ఎవరి చేతిలో ఉంటే వారిదే గెలుపని మొదటి పాచిక వేయకముందే ప్రకటించండి. ముగించే గంట కూడా అప్పుడే చెప్పండి.

అరుదుగా వచ్చేవి

పాచికలు మోసం చేస్తున్నాయన్న అనుమానం వస్తే అందరూ ఒకే జత వాడండి, అక్కడితో వదిలేయండి. ప్లైవుడ్ వంగితే కింద పుస్తకం పెట్టండి. సీలింగ్ ఫ్యాను చీటీలను ఎగరగొడితే వాటికి మైనం అంటించండి. బొమ్మలు బల్లకు అతుక్కుంటున్నాయంటే వార్నిష్ ఆరలేదు, ముఖ్యంగా వానాకాలంలో. రేపు ఆట ఉంటే ఈ రోజు వార్నిష్ వేయకండి.