అయిదు అచ్చులూ ఉన్న ఇంగ్లీషు మాటలు ఎలా పట్టుకున్నానంటే

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు. ఏ, ఈ, ఐ, ఓ, యూ అయిదూ ఉన్న మాటలు ఇరవై రాసుకురమ్మన్నారట మా అమ్మాయిని. 'ఎడ్యుకేషన్' దగ్గరే ఇద్దరం ఆగిపోయాం.

డిక్షనరీ తిరగేశాం, గూగుల్‌లో వెతికాం, పక్కింటి మాస్టారిని అడిగాం; పది దాటలేదు.

చివరికి ఎక్సెల్ పనికొచ్చింది. వరుసకో ఇంగ్లీషు మాట ఉండే టెక్స్ట్ ఫైలు నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అదంతా కాపీ చేసి మొదటి కాలమ్‌లో పేస్ట్ చేశాను. షీట్‌లో 10,48,576 వరుసలు పడతాయి, చోటుకి టెన్షన్ లేదు. పైన ఒక హెడింగ్ పెట్టి, ఫిల్టర్ ఆన్ చేసి, టెక్స్ట్ ఫిల్టర్స్‌లో 'కంటెయిన్స్' నొక్కాను. చిక్కల్లా ఇక్కడే: అక్కడ రెండు షరతులే పడతాయి. అందుకని అచ్చుల్లో అరుదైన యూతో మొదలుపెట్టి, మధ్యలో 'అండ్' ఉందని చూసుకుని, కింద ఓ కొట్టాను. మిగిలినవాటిని కొత్త షీట్‌లోకి కాపీ చేసి ఐ, ఏ. ఇంకో షీట్‌లో ఈ ఒక్కటే.

'సెకోయా', 'ఈక్వేషన్', 'కాలిఫ్లవర్' (మా వీధి ఒడియాలో ఫూల్‌కోబీ) బయటపడ్డాయి. "నాన్నా, ఫూల్‌కోబీలో అన్నీ ఉన్నాయి!" అని ఒకటే గంతులు.

ఒకే అక్షరం రెండుసార్లు కావాలంటే ఆ రెంటి మధ్య నక్షత్రం గుర్తు పెడితే నాకు పనిచేసింది. ఇదంతా ల్యాప్‌టాప్‌లో చేసింది. ఫోన్‌లో కూడా ఇలాగే వస్తుందని చెప్పలేను. జాబితాను బట్టి ఊరూ పేరూ తెలియని మాటలు కూడా వస్తాయి. మాకు అర్థం తెలియనివి కొట్టేశాం.